తెరకి వీపు పెట్టిన మనిషి

మట్టి వేయబోయే ముందు అయ్యగారు చేతిలో పుస్తకం మూసి, “ఈ సోదరుని గురించి ఎవరైనా రెండు మాటలు చెప్పదలిస్తే చెప్పండి” అన్నారు. ఎవరూ నోరు విప్పలేదు. మొగవాళ్ళు తలపాగాలు చేతుల్లో పట్టుకుని నేల చూస్తూ నిలబడ్డారు. జగ్గయ్యపేట నుంచి నందిగామ దాకా సినిమా డేరా ఎక్కడ వేస్తే అక్కడ, ఎంతోమంది మాటల్ని తన ఒక్క గొంతుతో చెప్పిన మనిషి ఆయన. ఆయన కోసం ఒక్క గొంతు లేవలేదు. నాదీ లేవలేదు. మొదలుపెడితే రెండు మాటలతో ఆగేది కాదని నాకు తెలుసు. పైగా ఎవరి చెవిన పడకూడదని దాచుకున్నామో ఆవిడ ఆ పక్క సమాధిలోనే ఉంది. అయ్యగారు కాసేపు చూసి, గుప్పెడు మట్టి తీసుకున్నారు.

ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుని ఇది రాస్తున్నాను. పేరు రాయను. తన పేరు పెట్టి పిలిపించుకోవడం ఆయనకి ఇష్టం ఉండేది కాదు. ఊళ్ళో అంతా మైకాయన అనేవాళ్ళు. నేను బావగారూ అనేదాన్ని.

ఆ రోజుల్లో వానలు వెనకబట్టాక జగ్గయ్యపేటలో టూరింగు టాకీసు డేరా లేచేది. ఎండలు ముదిరేసరికి అదే డేరా విప్పుకుని నందిగామ పోయేవాళ్ళు. తెలుగు బొమ్మలు ఆడినన్నాళ్ళు ఈయనతో పని లేదు. వారంలో రెండు రోజులు ఇంగ్లీషు బొమ్మ వేసేవాళ్ళు, అవీ ఎప్పటెప్పటివో, గీతలు పడి అరిగిపోయిన యుద్ధం బొమ్మలు. జనానికి ఇంగ్లీషు ఎక్కడొచ్చు? అందుకని తెర పక్కన ఒక మనిషిని నిలబెట్టి కథంతా తెలుగులో చెప్పించేవాళ్ళు. మొదట్లో రేకు బాకా ఉండేది, తర్వాత మైకు వచ్చింది. ఈయన యుద్ధంలో పనిచేసి వచ్చాడు గనక ఇంగ్లీషు వచ్చని పెట్టుకున్నారు. ఆయనకి వచ్చిన ఇంగ్లీషల్లా ఆర్డర్లూ, తిట్లూ. ఆ రెండూ ఉంటే యుద్ధం బొమ్మ చెప్పడానికి చాలు. ఎటొచ్చీ, మధ్యలో దొరసాని వచ్చి దొర భుజం మీద చెయ్యేసి గుసగుసలాడినప్పుడే చిక్కు.

“ఏమంటందయ్యా?” అని నేల మీంచి ఎవడో కేకేసేవాడు.

“ఇంటి సంగతులు. మనకెందుకు?”

“నీకు తెలవక చెప్పట్లా!”

“ఎందుకు తెలవదురా? మీ అమ్మతో నేను పడలేను, వేరు కాపరం పెట్టు అంటంది. చాలా? ఇంకా చెప్పాలా?”

డేరా అంతా ఘొల్లుమనేది. ఆడవాళ్ళ వైపు ఇంకా ఎక్కువ.

ఆయనకి ఒక చెడ్డ అలవాటుండేది. బొమ్మలో ఎవడు చచ్చిపోతాడో ముందుగానే చెప్పేసేవాడు. “ఇదిగో, టోపీ వంకరగా పెట్టుకుని నోటితో బాకా ఊదతన్నాడే, ఈ కుర్రోడు ఇంకాసేపట్లో పోతాడు. బాగా చూసుకోండి” అనేవాడు.

“ముందే చెప్పి చంపుతావేందయ్యా! ఇంకేం చూడను?”

“ముందే చెబితేనే చూస్తావురా నువ్వు. చెప్పకపోతే వాడు పోయిందాకా వాడి మొహం వంకే చూడవు.”

డేరా వాళ్ళు కోప్పడ్డారు, బతిమాలారు. వినలేదు. “చెప్పకుండా మనిషిని పోగొట్టటం మహాపాపం అండి” అన్నాడట. ఆ మాట ఆయన ఎందుకన్నాడో అప్పటికి ఎవరికీ తెలియదు. సినిమా చెప్పేవాళ్ళ వేషాల్లో అదొకటి అనుకున్నారు.

ఇంకోటి కూడా ఉంది. జగ్గయ్యపేటలో చాకలివాళ్ళ గాడిదలు ఓండ్ర పెడితే అందరం చెవులు మూసుకుంటాం కదా. ఈయన నడుస్తున్నవాడల్లా ఆగిపోయేవాడు. తల కొంచెం వంచి, ప్రార్థనలో నిలబడ్డట్టు నిలబడి, అది పూర్తిగా అరిచి ముగించేదాకా ఉండి, అప్పుడు కదిలేవాడు. ఒకసారి సంత నుంచి కలిసి వస్తుంటే నాకు నవ్వాగలేదు. “పాట అంత బాగుందా బావగారూ?” అన్నాను.

“గొంతుందమ్మాయ్ దానికి” అన్నాడు. నవ్వలేదు.

ఆయనది రోడ్డుకి అవతల పల్లె, మాది ఇవతల. వత్సవాయి పోయే దారిలో. నెలలో మొదటి ఆదివారం ఆరాధన కాగానే మా ఇంటికి వచ్చేవాడు. వచ్చి అత్తమ్మకి కట్టెలు కొట్టిపెట్టేవాడు, పాక మీద తాటాకు సరిచేసేవాడు. లోపలికి రమ్మంటే రాడు, అరుగు మీదే కూర్చుని తినేవాడు. తాగడానికి చెంబు ఇస్తే సగమే తాగి, మిగిలింది జాగ్రత్తగా పక్కన పెట్టేవాడు. ఎంత దాహమైనా అంతే.

“ఎవరికిరా ఆ ఎంగిలి నీళ్ళు? తాగు పూర్తిగా” అని అత్తమ్మ కసిరేది.

“చాలు పిన్నీ” అనేవాడు.

మా అత్తమ్మకి ఇద్దరు కొడుకులు. రెండోవాడు నా పెనిమిటి. పెద్దవాడి పేరు ఏసోబు. నేను కాపరానికొచ్చేసరికి ఆయన లేడు. రేకు పెట్టెలో ఆయనది ఒక కాగితం మాత్రం ఉంది. యుద్ధం రోజుల్లో ఏసోబూ ఈ మైకాయనా ఒకే రోజు నందిగామ వెళ్ళి దండులో చేరారు. ఎడ్లను తోలిన చేతులు గనక ఇద్దరికీ కంచరగాడిదలు తోలే పని ఇచ్చి బర్మా వైపు పంపారు. యుద్ధం అయ్యాక ఈయన వచ్చాడు. ఏసోబు బదులు కాగితం వచ్చింది. తప్పిపోయాడు, ఆచూకీ తెలియలేదు అని అందులో ఉంది. “అడవిలో విడిపోయాం పిన్నీ. వాడెటో, నేనెటో” అని ఈయన చెప్పాడు. అంతకుమించి అత్తమ్మ ఎన్నిసార్లు అడిగినా ఒక్క మాట పెరగలేదు, ఒక్క మాట తగ్గలేదు.

మా వాళ్ళలో మనిషి పోతే ఏడాదికి జ్ఞాపకార్థ కూటం పెడతారు. సమాధుల పండగనాడు ఎవరి సమాధికి వాళ్ళు సున్నం వేసి, పూలు చల్లి, కొవ్వొత్తి వెలిగిస్తారు. సమాధి లేనివాళ్ళకి ఓ రాయి పాతినా సరే అంటారు. ఆ మాట అన్న అయ్యగారిని అత్తమ్మ గుమ్మంలోంచే పంపేసింది. “పోయాడని రాసిన కాగితం తెండి, అప్పుడు కూటం పెడతా. తప్పిపోయిన మేకలు దొరకటంలా?” అంది. పండగనాడు మామయ్య సమాధికి సున్నం కొట్టి, బకెట్టులో చుక్క మిగలకుండా అంతా అక్కడే పోసి వచ్చేది. మిగిలితే ఎవరన్నా, నీ పెద్దోడి పేరున ఓ రాయికి పుయ్యమంటారని.

ఇలా ఉండగా ఆ బొమ్మ వచ్చింది.

డప్పు కొట్టుకుంటూ బండి మా ఊరి మీదుగా వెళ్తూ రంగు కాగితాలు విసిరింది. నా పెనిమిటి ఒకటి తెచ్చి చదివాడు. బర్మా అడవుల్లో దండు దొంగచాటుగా శత్రువుల వెనక్కి పోయి, రైలు పట్టాలు పేల్చి, నది దాటి తిరిగొచ్చిన కథ. నిజముగా జరిగిన దాడి అని పెద్ద అక్షరాలతో అచ్చేశారు. అత్తమ్మ చేటలో బియ్యం చెరుగుతోంది. చెరగడం ఆపింది.

“మళ్ళీ చదువు. ఏం జరిగిందంట?”

“నిజంగా జరిగిందంటమ్మా. సినిమా వాళ్ళ మాటలు, నమ్మమాక.”

“సాగర్ డ్యాము బొమ్మలో మన దావీదు కనపడలా?”

అదీ సంగతి. అంతకు ఏడాది ముందు గవర్నమెంటు వాళ్ళ వ్యాను మా ఊరొచ్చి, చర్చి గోడకి దుప్పటి కట్టి, సాగర్ డ్యాము కట్టే బొమ్మ చూపించింది. అందులో తల మీద రాయి మోస్తూ మా ఊరి దావీదు అచ్చంగా నడిచిపోయాడు. ఊరంతా అరిచింది. అత్తమ్మ జన్మలో చూసిన బొమ్మ అదొక్కటే. సినిమాకి పోవడం పాపమని మా సంఘం పెద్దలు వెళ్ళనిచ్చేవాళ్ళు కారు. ఆవిడ లెక్కలో ఏ తప్పూ లేదు. నిజంగా జరిగిన డ్యాములో నిజమైన దావీదు కనపడ్డాడు. నిజంగా జరిగిన దాడిలో ఏసోబు ఎందుకు కనపడడు? వేషాలు కట్టి ఆడతారని చెబితే, “జరిగిందానికి వేషాలెందుకే?” అని నన్నే అడిగింది.

ఆ ఆదివారం బావగారు వస్తే పీట వేసి కూర్చోబెట్టి మరీ అడిగింది.

“అబ్బాయ్, ఆ బొమ్మ మీ దండు సంగతేనంట గదా?”

ఆయన గొడ్డలి కింద పెట్టాడు. “ఎవరు చెప్పారు పిన్నీ?”

“కాగితంలో ఉంది. నువ్వే గదా చెప్పేది? నేనొస్తన్నా.”

“వద్దు పిన్నీ. డేరాలో దుమ్ము. బీడీల పొగ. నీకు దగ్గొస్తది.”

“పదహారేళ్ళయింది నా బిడ్డ మొహం చూసి. దగ్గొస్తే దగ్గుకుంటా.”

జగ్గయ్యపేట వెళ్ళాం, నేనూ ఆవిడా. ఆరాధనకి కట్టుకునే తెల్ల చీర కట్టుకుంది. చాప తెచ్చుకుని ఆడవాళ్ళ వైపు అందరికంటే ముందు కూర్చుంది, దగ్గరైతే కొడుకు కళ్ళకి బాగా ఆనతాడని. దీపాలు తీసేశారు. తెల్లవాళ్ళు వరసగా అడవిలో నడుస్తున్నారు. ఆవిడ మెడ చాచి ఒక్కొక్క మొహాన్నీ వెతుకుతోంది. ఒక మొహం దాటిపోగానే ఇంకోటి. ఎదర బాంబు పేలినా, రైలు పట్టాలు గాల్లోకి లేచినా ఆవిడకి పట్టలేదు. కంచరగాడిదలు కనపడగానే నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. గాడిదల పక్కన నడిచేవాళ్ళు కూడా తెల్లవాళ్ళే.

లేచి నిలబడింది. నేను కొంగు లాగినా కూర్చోలేదు.

“అబ్బాయ్, ఏడయ్యా మనోడు?”

వెనక నుంచి “కూర్చో ముసలమ్మా” అన్నారు. బావగారు మైకు పట్టుకుని ఆవిడ వంకే చూస్తున్నాడు. తెర మీద ఎవరెవరో ఏదేదో మాట్లాడుతున్నారు, ఆయన ఏమీ చెప్పడం లేదు. చివరికి, “వెనకున్నాడు పిన్నీ” అన్నాడు. “కడపటి గాడిద వెనక. బొమ్మ తీసేవాడు అంత దూరం రాలా.”

ఆవిడ తృప్తిగా కూర్చుంది. అక్కడి నుంచి తెర చివరనే చూస్తూ ఉంది, ఇంకొంచెం పక్కకి జరిగితే కనపడతాడన్నట్టు. ఆఖర్న అందరూ నది దాటారు. ఆట అయిపోయి జనం లేస్తుంటే ఆయన మా దగ్గరికి వచ్చాడు. అత్తమ్మ ఆయన చెయ్యి పట్టుకుంది.

“అందరూ దాటారు గదా నది. మావోడు కూడా దాటాడా?”

ఆయన ఆవిడ మొహంలోకి సూటిగా చూశాడు. రెప్ప వాల్చలేదు. “దాటాడు పిన్నీ. నా కళ్ళతో చూశా. ఇవతలికొచ్చాకే తప్పిపోయాడు.”

ఆ ఒక్క మాటతో మా ఇల్లు ఇంకో పదేళ్ళు ఆగిపోయింది. అంతకుముందు ఆవిడ కొడుకు ఎక్కడో చీకట్లో ఉండేవాడు. ఇప్పుడు నదికి ఇవతల ఉన్నాడు, మన వైపు. ఇవతల ఉన్నవాడు రాక ఎక్కడికి పోతాడు? పగలు తలుపు గడియ పెట్టనిచ్చేది కాదు. గవర్నమెంటు వాళ్ళు ఊరవతల ఇళ్ళ స్థలాలు ఇస్తామంటే, వాడొచ్చి పాత ఇల్లు వెతుక్కుంటాడని కదలనివ్వలేదు. నాకు మగపిల్లవాడు పుట్టాడు. పెదనాన్న పేరు పెడదామని నా పెనిమిటి ఎంతో ఆశపడ్డాడు. పోయినవాళ్ళ పేరు పిల్లలకి పెట్టుకోవడం మా ఆనవాయితీ. అత్తమ్మ ఆ మాట వినగానే ఎత్తుకున్న పిల్లవాణ్ణి నా ఒళ్ళో పెట్టేసింది. “బతికున్నోడి పేరు ఎట్టా పెడతారు? వాడొచ్చి గుమ్మంలో నిలబడితే మొహం ఎక్కడ పెట్టుకుంటారు?” అంది. ఇంకో పేరు పెట్టాం.

బావగారి అలవాట్లలో ఒకటి కొత్తగా చేరింది. ఆ బొమ్మ జగ్గయ్యపేటలో ఆడిన మిగతా రోజులు ఆయన తెరకి వీపు పెట్టి నిలబడి కథ చెప్పాడట. చప్పుళ్ళని బట్టి ఎక్కడిదాకా వచ్చిందో తెలుసుకుని, జనం వంక చూస్తూ చెప్పాడట. ఆడించేవాళ్ళు అదేదో కొత్త విద్య అనుకుని మెచ్చుకున్నారు.

పిల్లవాడికి పేరు పెట్టిన నెలలోనే నేను ఆయన్ని నిలదీశాను. అత్తమ్మ ప్రార్థన కూటానికి వెళ్ళింది. ఆయన దొడ్లో కట్టెలు కొడుతున్నాడు.

“బావగారూ, నిజం చెప్పండి. దాటాడా?”

గొడ్డలి మొద్దులో దించి, అలాగే వదిలేశాడు. అప్పుడు చెప్పాడు. ఆయన చెప్పినట్టే రాస్తాను.

“బయల్దేరే ముందు గాడిదలన్నిటికీ గొంతులు కోశారమ్మాయ్. చంపలా. అరవకుండా, లోపల నరమేదో తీసేశారు. అడవిలో అరిస్తే శత్రువులకి తెలుస్తది గదా. నాయి రెండు, మీ బావయి, అదే మీ అత్త పెద్దోడియి, రెండు. దెబ్బ తగిలినా నోరు తెరిచేయి, గాలొచ్చేది. అంతే. పట్టాలు పేల్చాం. వెనక్కొచ్చేటప్పుడు నది ఒడ్డున మీ బావకి కాలికి తగిలింది. మోకాలు లేదింక. నడవలేనోళ్ళని వదిలెయ్యమని ఆర్డరు. నా సీసా వాడికిద్దామని తీశా. దాహంగా ఉంది. ఇచ్చే ముందు సగం నేను తాగా. ఎందుకు తాగానో తెలవదు. అవతల నది నిండా నీళ్ళే.”

గొడ్డలి పిడి పట్టుకుని, మళ్ళీ వదిలేశాడు.

“‘అరవకురా, అరిస్తే అందరం పోతాం’ అన్నా. తలూపాడు. నేను నీళ్ళలో దిగి నడి ఏట్లోకొచ్చి వెనక్కి చూశా. నోరు తెరిచే ఉంది వాడికి. ఏడస్తన్నాడు. చప్పుడు లేదమ్మాయ్. ఆ గాడిదల మాదిరే. తెల్లారగట్ల ఆ ఒడ్డున తుపాకీ రెండుసార్లు పేలింది.”

అరుగు మీద ఆయన చెంబులో సగం నీళ్ళు అలాగే ఉన్నాయి. అన్నేళ్ళుగా కడిగి బోర్లిస్తున్న చెంబే. ఆ రోజు ముట్టుకోవడానికి నాకు చెయ్యి రాలేదు.

“ఆవిడకి చెప్పెయ్యండి బావగారూ” అన్నాను.

“నువ్వు చెప్పమ్మాయ్. నీకు పుణ్యం ఉంటది.”

“చూసింది మీరు.”

ఆయనా చెప్పలేదు, నేనూ చెప్పలేదు. ఇవాళ చెబుదామనుకునేదాన్ని. ఆవిడ గుమ్మంలో కూర్చుని రోడ్డు చూస్తూ ఉండేది. రేపనుకునేదాన్ని. ఒకరి తప్పు అని నేననను. ఇద్దరం కలిసి ఆవిణ్ణి అక్కడ కూర్చోబెట్టాం.

ఐదారేళ్ళు గడిచాయి. అత్తమ్మ కళ్ళకి పొరలు కమ్మాయి. మనిషి ఆకారం తెలిసేది, మొహం తెలిసేది కాదు. అప్పుడు అదే బొమ్మ మళ్ళీ నందిగామకి వచ్చింది. ఆవిడ చెవిన పడనే పడింది.

“కనపడదు గదత్తమ్మా, ఎందుకు?” అన్నాను.

“అబ్బాయి చెబుతాడు గదే. వింటా.”

నేను ఆ పూట అవతల పల్లెకి పోయి బావగారితో చెప్పేశాను. “ఆవిడ ఇంకెన్నాళ్ళో ఉండదు. మీరు చెప్పకపోతే ఈసారి నేను చెప్తా. అబద్ధం చెప్పింది మీరని కూడా చెప్తా” అన్నాను.

“మైకులో చెబుతా. మొహం చూసి నావల్ల కాదు. డేరాలో, అందరితో పాటు చెబుతా. ముందే చెబుతా గదా నేను ఎవరు పోయినా. అట్టా చెప్పేస్తా.”

నందిగామ డేరాలో ఆవిడ పక్కన నేను కూర్చున్నాను. చెయ్యి నా చేతిలో పెట్టుకున్నాను, కబురు వినగానే పడిపోతే పట్టుకోవాలని. ఆయన తెరకి వీపు పెట్టి నిలబడ్డాడు. దొరలు నడిచారు, పట్టాలు పేలాయి. నది రాబోతోంది. ఆయన గొంతు తగ్గింది.

“ఇప్పుడు నది వస్తదండి. తెర మీద అందరూ దాటతారు. కానీ దాటనోడు ఒకడున్నాడు. వాడు మీకు కనపడడు. ముందే చెబుతున్నా. వాడు పోతాడు.”

“కనపడనోడు ఎవడైతే మాకేందయ్యా? బాంబుల సంగతి చెప్పు!” అని ఒకడు అరిచాడు.

“ఉండరా, చెప్పనీ” అన్నారు ఇంకెవరో.

ఆయన చెప్పాడు. అంతా చెప్పాడు. కాలు చెప్పాడు, సీసా చెప్పాడు, సగం తాగింది చెప్పాడు. అరవొద్దంటే అరవలేదని చెప్పాడు. నేల మీద జనం బీడీలు తాగడం మానేశారు. తెర మీద ఇంగ్లీషు వాళ్ళు ఒడ్డెక్కి ఒకరినొకరు కౌగిలించుకుంటున్నారు, అటు ఎవరూ చూడటం లేదు. “వాడిది ఈ పక్క పల్లేనండి” అన్నాడు. ఆవిడ చెయ్యి గట్టిగా పట్టుకున్నాను. “వాడి పేరు” అన్నాడు.

ఆగాడు. మైకు గుయ్యిమంటోంది. ఆడవాళ్ళలో మేమెక్కడ కూర్చున్నామో వెతికి, ఆవిడ వంక చూశాడు. పొరలు కమ్మిన ఆ కళ్ళు ఎత్తి, నోరు కొంచెం తెరుచుకుని, చిన్నపిల్లలా వింటోంది ఆవిడ.

“వాడి పేరు తెలవదండి” అన్నాడు.

అత్తమ్మ పైట చెంగుతో కళ్ళొత్తుకుంది. “అయ్యో, పేరన్నా తెలవదా! ఏ తల్లి కన్న బిడ్డో” అంది నాతో. “ఆ తల్లికి ఎవరన్నా కబురు చెప్పారో లేదోనే. చెప్పకుండా ఉంటే పాపం గదా.”

పేరు నా నాలిక మీదే ఉంది. ఆవిడ చెయ్యి ఇంకా నా చేతిలోనే ఉంది.

“పోనీలే, మనోడు దాటాడు” అంది.

ఆ రోజు నుంచి ఆవిడ ప్రార్థనలో ఒక మాట పెరిగింది. ఏసోబును క్షేమంగా ఇంటికి చేర్చమని అడిగాక, పేరు తెలియని ఆ బిడ్డ కోసం, ఆ బిడ్డను కన్న తల్లి కోసం అడిగేది. ఆ తల్లికి ఓదార్పు ఇమ్మని, ఎవరితోనైనా ఆమెకి కబురు అందించమని అడిగేది. పక్కనే మోకాళ్ళ మీద ఉండి నేను ఆమెన్ అనేదాన్ని.

బావగారు ఆ తర్వాత మైకు పట్టుకోలేదు. జగ్గయ్యపేట సున్నం బట్టీలో పనికి కుదిరాడు. ఆయన లేడని డేరా ఆగలేదు. కొన్నాళ్ళకి గోడల హాళ్ళు వచ్చాయి, తెలుగు బొమ్మలే ఆడాయి, సినిమా చెప్పేవాళ్ళతో పనే లేకుండా పోయింది. మా ఇంటికి మాత్రం నెల తప్పకుండా వచ్చేవాడు. చేతులు సున్నానికి పగిలి నెత్తురు కనపడేది. ఆ చేతులతోనే కట్టెలు కొట్టేవాడు. నేనూ ఆయనా ఒకరి మొహం ఒకరం చూసుకోవడం మానేశాం.

ఓ వానాకాలం, మూడు రోజుల జ్వరంతో అత్తమ్మ పోయింది. ఆఖరి పూట నన్ను పిలిచి, “తలుపు గడియ పెట్టమాక” అంది. “వాడికి జొన్నరొట్టె మెత్తగా ఉండాలి, గట్టిగా ఉంటే తినడు” అంది. సరే అత్తమ్మా అన్నాను.

ఆ ఏడు సమాధుల పండగకి బావగారు బట్టీ నుంచి సున్నం తీసుకుని పొద్దున్నే వచ్చాడు. ఆవిడ మట్టి సమాధికి తనే సున్నం వేశాడు. మూలలు కూడా వదలకుండా, ఒకటికి రెండు పూతలు. బకెట్టులో కొంచెం మిగిలింది. పక్కన ఒక చిన్న రాయి తెచ్చి పాతి, దానికి పూశాడు. పేరు రాయలేదు. ఎవరిదని నేనూ అడగలేదు. జనం పూలు చల్లి, కొవ్వొత్తులు వెలిగించి ఇళ్ళకి పోయారు. మేమిద్దరమే మిగిలాం.

అప్పుడు ఆయన సమాధికి వీపు పెట్టి నిలబడ్డాడు. డేరాలో నిలబడేవాడే, అచ్చం అలాగే. రెండు చేతులూ నోటి దగ్గర పెట్టుకోబోయి, దించేశాడు. ఎదురుగా ఎవరూ లేరు, చెట్టుకి కట్టేసిన మేక ఒకటి ఉంది.

“పిన్నీ, ముందే చెప్పాల్సింది” అని మొదలుపెట్టాడు. నది చెప్పాడు, కాలు చెప్పాడు. ఈసారి పేరు చెప్పాడు. ఏసోబు, ఏసోబు అని ప్రతి మాటకీ ముందు చెప్పాడు. అన్నేళ్ళు నోట్లో కుక్కుకున్న పేరు, అంటుంటే ఆగలేదు ఆయనకి. తుపాకీ చప్పుడు దాకా చెప్పి ఆపేశాడు.

నా వైపు తిరిగాడు.

“విన్నదంటావా అమ్మాయ్?”

నేను కింద ఆరుతున్న సున్నం చూస్తూ, “విన్నది బావగారూ” అన్నాను.

ఆయన ఖాళీ బకెట్టు తీసుకున్నాడు.

“అబద్ధం చెప్పేటప్పుడు నేల చూడకూడదమ్మాయ్” అన్నాడు. “మొహంలోకి చూసి చెప్పాలి. నేను మీ అత్తకి అట్టాగే చెప్పా.”